నాగేంద్రమ్మ కట్టని గుడ్డ

ఏ పశువు దగ్గరికి వెళ్లినా నాగేంద్రమ్మ ముందు దాని కంటి మీద ఎడమ అరచేయి పెడుతుంది. మాట్లాడదు. పశువు తల విదిలిస్తే చేయి తీయదు. తల ఎటు పోతే చేయి అటే పోతుంది. కొంతసేపటికి పశువు ఊరుకుంటుంది. అప్పుడు భుజం మీది గుడ్డ తీసి రెండు కళ్లూ కట్టేస్తుంది. మందు గిన్నె మూత తీసేది ఆ తర్వాతే.

ఎద్దుకైనా అంతే, బర్రెకైనా అంతే, మేకకైనా అంతే. ఆ గుడ్డ పాత చీర కొంగులోంచి చించింది. నూనె పట్టి నల్లబడింది. దాన్ని ఇంకెవరినీ ముట్టనివ్వదు. తానే ఉడకబెట్టి ఉతుకుతుంది, తానే ఆరేస్తుంది.

బల్మూరు మండలంలో గుట్టల కింద ఊరు ఆమెది. గుట్టల నిండా సీతాఫలం చెట్లు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. కాయలు పండే కాలంలో ఊరు కడుపునిండా తింటుంది, మిగిలినవి గంపలకెత్తి అచ్చంపేటకు పంపుతుంది. గింజలు మాత్రం నాగేంద్రమ్మవి. ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు. తిన్నవాళ్లు గింజలను గోడ మీద ఆరబోసి, ఆమె ఆ దారిన పోతుంటే పిలిచి ఒడిలో పోస్తారు.

ఆమె ఇంటి వెనక గోడకు ఆనుకుని ఒక చిన్న రోలు ఉంది. అందులో పచ్చడి నూరరు, కారం దంచరు. అది గింజల రోలు. దంచేటప్పుడు నాగేంద్రమ్మ ముక్కుకూ నోటికీ కొంగు చుట్టుకుంటుంది. గాలి ఎటు వీస్తుందో చూసి, గాలికి వీపు పెట్టి కూర్చుంటుంది. ఆ పొడిని కానుగ నూనెలో కలిపి ఎండలో పెడుతుంది. పేలు పట్టిన మేకకూ అదే మందు, పిడుదులు పట్టిన ఎద్దుకూ అదే మందు. వెంట్రుకలకు ఎదురు రాస్తుంది. ఆరేదాకా పశువు ఒళ్లు నాక్కోకుండా మూతికి చిక్కం వేస్తుంది. పిడుదులు గుడ్లు పెట్టేది గోడల్లో కాబట్టి కొట్టం పగుళ్లలో సున్నం, వేపాకు కలిపి మెత్తుతుంది. ఎడ్లకైతే అమావాస్య నాడే ఈ పని. ఆ రోజు వాటి మెడ మీద కాడి పెట్టరు. ఎండపొద్దంతా చెట్టు కింద నిలబడి ఒళ్లు ఆరబెట్టుకుంటాయి.

ఇదంతా అత్తగారు నేర్పిన విద్య. రోకలి చేతికిచ్చిన నాడే ముసలమ్మ ఒక మాట అన్నది.

"ఈ గింజకు పేనేదో కన్నేదో తెల్వదే పిల్లా. నీకు తెల్వాలె."

జుట్టు నెరిసేదాకా నాగేంద్రమ్మ ఆ మాట మీదే నడిచింది. ఒక్కనాడు తప్ప.

ఆ ఒక్కనాడు పిలిచింది మెహరున్నిసా. నాలుగిళ్ల అవతల ఉంటుంది. భర్త బషీర్ ఇంటి ముందరి గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాడు. కూతురు ఫరా అచ్చంపేటలో డిగ్రీ చదువుతుంది. ప్రతి బక్రీదుకూ వాళ్లు అచ్చంపేటలో బషీర్ అన్నగారింటికి పోయి, అక్కడి కుర్బానీలో వాటా కలిసేవాళ్లు. తినేటప్పుడు తలొంచుకుని తినేవాళ్లు. ఈసారి అట్లా వద్దనుకుంది మెహరున్నిసా. పోయినేడు పండుగ దాటగానే పాలు మరిచిన ఒక మేకపిల్లను ఇంటికి తెచ్చుకుంది. తుమ్మకాయలు ఏరి తెచ్చి పెట్టింది. చలికాలం బషీర్ దానికి గోనెసంచితో చొక్కా కుట్టాడు. ఫరా షేరు అని పేరు పెట్టింది. పేరుకు పులి, పిలిస్తే వెంట నడిచేది.

కుర్బానీ ఇచ్చే జీవానికి లోపం ఉండరాదు. కుంటిది పనికిరాదు. చెవి తెగింది పనికిరాదు. కన్ను పోయింది అసలే పనికిరాదు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, నాగేంద్రమ్మకూ తెలుసు.

పండుగ ఇంకా నెల ఉందనగా షేరుకు పేలు పట్టాయి. గుంజకు రాసుకుని రాసుకుని మెడ మీద వెంట్రుకలు ఊడిపోయాయి.

"అక్కా, జెర వచ్చి చూడు. బరుక్కొని బరుక్కొని సావబట్టె నా పోతు," అన్నది మెహరున్నిసా గడపలో నిలబడి.

"పేలు గాదే అది. నువ్వు పెట్టే తిండికి తిమ్మిరెక్కింది దానికి."

"నీ దిష్టి తగుల్తది, గట్లనకు."

"నా దిష్టి తగిలితే నా మందే రాస్త తియ్."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తర్వాత నాగేంద్రమ్మకు చాలాసార్లు గుర్తొచ్చింది.

లోపల కోడలు స్రవంతి ఈ మాటలు విన్నది. నాగేంద్రమ్మ కొడుకు గణేష్ ఆటో నడుపుతాడు. స్రవంతి ఇంటిపట్టున ఉండి ముగ్గులు, వంటలు వీడియోలు తీసి ఫోనులో పెడుతుంది. చూసేవాళ్లు తక్కువ.

"అత్తమ్మా, ఈసారన్న నీ మందు వీడియో తియ్యనియ్యి. ఎంతమందికి పనికొస్తది!"

అంతకుముందు అడిగినప్పుడల్లా నాగేంద్రమ్మ కసురుకునేది. ఆ రోజు ఊరుకుంది. మరునాడు పొద్దున మంచి చీర కట్టుకుని బయటికి వచ్చింది. మందు రాసే పనికి ఆమె మంచి చీర కట్టడం అదే మొదలు.

"ఏందక్కా, పెండ్లిచూపులకా?" అన్నది మెహరున్నిసా.

వాకిట్లో నలుగురు ఆడవాళ్లు చేరారు. స్రవంతి ఫోను పట్టుకుంది. నాగేంద్రమ్మ షేరు కంటి మీద అరచేయి పెట్టింది. అది ఊరుకుంది. గుడ్డ కట్టింది. చిక్కం వేసింది. గిన్నె మూత తీసింది.

"అత్తమ్మా, ఆగు. మేక మొఖమే కనపడ్తలేదు. మూతికి చిక్కం, కండ్లకు గుడ్డ, చూసినోళ్లు మేకను ఎత్తుకపోతున్నరు అనుకుంటరు."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. స్రవంతి దగ్గరికి వచ్చి అప్పటిదాకా తీసింది చూపించింది. అరచేతంత ఫోను అద్దంలో నాగేంద్రమ్మ తనను తాను చూసుకుంది. మంచి చీర. నెరిసిన జుట్టు. పశువు మీద కదలని చేయి. ఇన్నేండ్ల పనిలో తాను పని చేస్తుంటే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. బాగుంది.

"గుడ్డ జెర తియ్యి. ఒక్క నిమిషం. మల్ల కడ్దువు," అన్నది స్రవంతి.

నాగేంద్రమ్మ గుడ్డ తీసింది.

మెడ మీద మాత్రమే రాద్దామనుకుంది. వేళ్లు మందులో ముంచింది. "గిట్ల, ఎంటికెలకు ఎదురు రాయాలె. ఒత్తి రాయాలె," అని చెప్పింది. చెప్తూ మేకను చూడలేదు, ఫోనును చూసింది. షేరు తల విదిల్చింది. తల ఎటు పోతే అటు పోయే ఎడమ చేయి ఆ క్షణంలో దాని మీద లేదు. మందు చేయి నొసటి మీదుగా జారింది.

షేరు ఒక్క అరుపు అరిచింది.

నాగేంద్రమ్మ కొంగుతో దాని కన్ను తుడిచింది. నీళ్ల బిందె పక్కనే ఉంది. అప్పటికప్పుడు దోసిళ్లతో కొట్టి, ఆగకుండా కడిగి ఉంటే ఆ కన్ను దక్కేదేమో. అది ఆమెకు తెలుసు. నీళ్లు పట్టాలంటే ఏమైందో చెప్పాలి. వాకిట్లో నలుగురు ఉన్నారు. ఎదురుగా ఫోను ఉంది. ఒంటి మీద మంచి చీర ఉంది.

ఆమె గుడ్డ మళ్లీ కట్టి మిగతా ఒళ్లంతా రాసింది.

"మస్తొచ్చింది అత్తమ్మా. గుడ్డ లేని ముక్కనే పెడ్త," అన్నది స్రవంతి.

తెల్లారేసరికి షేరు కన్ను మూసుకుపోయింది. నీరు కారి చెంప వెంట్రుకలు అట్టకట్టాయి. మెహరున్నిసా గణేష్ ఆటోలో దాన్ని అచ్చంపేట పశువుల దవాఖానకు తీసుకుపోయింది. ఆ పూటంతా నాగేంద్రమ్మ ఇంట్లోనే కూర్చుంది. రోలు కడిగింది. కడిగిన రోలే మళ్లీ కడిగింది.

సాయంత్రం మెహరున్నిసా తిరిగొచ్చింది. ఆటో దిగుతుంటే ఆడవాళ్లు చుట్టుకున్నారు. ఆమె అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"ముల్లు గుచ్చుకుందంట. కంపల తల పెట్టుంటది పాడుది."

నాగేంద్రమ్మ ఆ మాట తన గడపలో నిలబడి విన్నది. ఒళ్లు తేలికైంది. ముల్లే అయ్యుంటుందేమో అనుకుంది. ఆ రాత్రి అన్నం తిన్నది.

మరునాడు కొడవలి పట్టుకుని మెహరున్నిసా ఇంటికి పోయింది. షేరును కట్టే గుంజకు దగ్గర్లో ముండ్లకంప ఉంది. దాన్ని మొదలంటా కొట్టింది. ముండ్లు చేతికి గుచ్చుకున్నా ఆపలేదు. బషీర్ మిషను మీదినుంచి లేచి వచ్చాడు.

"నీకెందుకక్కా ఈ తిప్పలు? నేను కొట్టుకుంట గదా."

"ఉండనియ్యి బషీరూ. మల్ల ఇంకో జీవానికి గుచ్చుకోవద్దు."

ఈ మాట ఆమె నోటినుంచే వచ్చింది. మెహరున్నిసా గడపకు ఆనుకుని నిలబడి చూసింది. కంప ఊడ్చిన తర్వాత చాయ తెచ్చి ఇచ్చింది. నాగేంద్రమ్మ చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది.

ఆ తర్వాత షేరు ఒంటి మీద పేలు లేవు. మెడ మీద కొత్త వెంట్రుకలు నల్లగా మొలిచాయి. కంటి మీద మాత్రం తెల్లటి పొర కమ్మింది, మరిగిన పాల మీద మీగడ కట్టినట్టు. బషీర్ అన్నగారికి ఫోను చేసి ఈసారీ వాటా కలుస్తామని చెప్పాడు. మెల్లగా చెప్పాడు. అయినా వీధికి వినపడింది.

అటు వీడియో ఊరూరా తిరిగింది. ఎవరెవరో చూశారు. బోరింగు కాడ ఆడవాళ్లు నాగేంద్రమ్మకు దారి ఇచ్చి, "రా తల్లీ హీరోయినూ, ముందు నువ్వు పట్టుకో," అని నవ్వేవాళ్లు. ఆమె నీళ్లకు కోడలిని పంపడం మొదలుపెట్టింది. పక్క ఊరినుంచి ఎవరో పిలిస్తే పోయింది. గుడ్డకు రెండు ముడులు వేసింది. వేసిన ముడి మళ్లీ తడిమి చూసుకుంది. మెహరున్నిసా ఇంటి ముందునుంచి పోకుండా ఉండేందుకు చేను మీదుగా చుట్టుదారి పట్టింది. చుట్టుదారిలోనూ షేరు అరుపు వినపడేది. దాని గొంతు ఆమెకు బాగా తెలుసు.

అమావాస్య ముందురోజు, పొద్దు వాలుతున్న వేళ, స్రవంతి అరుగు మీద కూర్చుని ఫోనులో చూసినవాళ్లు రాసిన మాటలు పైకి చదువుతోంది. అత్త సంతోషపడుతుందని చదువుతోంది.

"'పెద్దమ్మ చెయ్యి బంగారం.' చూసినవా? 'మా నాయినమ్మ గిట్లనే చేసేది.' ఇంకోటి. వడ్డేపల్లి కాడినుంచి, ప్రశాంతంట. 'అమ్మా, మాకు జోడెడ్లున్నయి. వీడియో కింద రాసినట్టే మందు చేసి పెట్టిన. రేపు అమావాస్య, ఎడ్లను కట్టం, రేపే రాస్త. కండ్లకేమన్న కట్టాల్నా?'"

నాగేంద్రమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేయి ఆగింది.

"నువ్వేం రాసినవు?"

"నేను రాయకముందే ఎవరో జవాబిచ్చిన్రు. 'అక్కర్లేదన్నా, వీడియోల పెద్దమ్మ కట్టలేదు గదా.' ఆయన సరే అన్నడు."

చేట కింద పెట్టి నాగేంద్రమ్మ లేచి నిలబడింది.

"ఫోన్ చెయ్యి ఆ పిలగానికి."

"నంబరు లేదత్తమ్మా. గిందులనే రాయాలె."

"రాయి. మందు ముట్టొద్దని రాయి. పొద్దున దాంక ఆగమని రాయి."

"ఎందుకు?"

నాగేంద్రమ్మ చెప్పింది. గుడ్డ తీసింది, చేయి జారింది, నీళ్లు పట్టలేదు. మూడు మాటల్లో అయిపోయింది. స్రవంతి ఫోను కిందికి దించింది.

"ఆ గుడ్డ తియ్యమన్నది నేనే గదా అత్తమ్మా."

"నీకు తెల్వదు గనక అన్నవు. నాకు తెలిసీ తీసిన."

స్రవంతి గబగబా రాసింది. అవతలినుంచి సరేనని జవాబు వచ్చింది.

"వీడియో తీసేస్త. ఇప్పుడే తీసేస్త. ఎవరికీ తెల్వదు."

"చూసినోళ్లు చూసిండ్రు గదా. తీసేస్తే వాళ్లకెట్ల తెలుస్తది?"

నాగేంద్రమ్మ కాళ్లకు చెప్పులు వేసుకుంది. చుట్టుదారిన కాదు, వీధి వెంటే నడిచింది.

మెహరున్నిసా వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. బషీర్ ఇంట్లో లేడు. షేరు గుంజకు కట్టేసి ఉంది. మంచి కన్ను ఇటు తిప్పి నాగేంద్రమ్మను చూసింది.

"మెహరూ."

"రా అక్కా. తొవ్వ తప్పి వచ్చినవా?"

"ముల్లు గాదే అది. నా మందు."

మెహరున్నిసా రొట్టె తిరగేసింది. తడి గుడ్డతో ఒత్తింది. రొట్టె పొంగి దిగింది.

"ఎరుకే," అన్నది.

నాగేంద్రమ్మ పొయ్యికి ఇవతల నేల మీద కూర్చుంది.

"దవాఖాన్ల డాక్టరమ్మ కన్ను చూడంగనే అడిగింది, సీతాఫలం గింజ పడ్డదా అని. ఫరా అప్పటికే వీడియో పదిసార్లు చూసింది. నీ చెయ్యి జారింది అందుల మంచిగ కనపడ్తది. చూసెటోళ్లు మందు చూస్తున్నరు, మేకను చూస్తలేరు, గంతే."

"మరి ముల్లని ఎందుకు చెప్పినవే?"

"ఏమని చెప్పాలె? నీ మందు కన్ను తీసిందని చెప్తే రేపటి సంది నిన్నెవరు పిలుస్తరు? ఫరా నాయినకు తెలిస్తే ఊకుంటడా? ఆయనకు కూడా చెప్పలే." ఆమె పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది. మళ్లీ కింద పెట్టింది. "నువ్వే వచ్చి చెప్తవని చూసిన అక్కా. మరునాడే వస్తివి. కొడవలి పట్టుకొని వస్తివి. కంప కొడ్తుంటివి. నేను నిలబడి చూస్తనే ఉన్న. ఇప్పుడు చెప్తది, ఇప్పుడు చెప్తది అనుకున్న. చాయ పెట్టిన. చాయ తాగి పోతివి."

నాగేంద్రమ్మ గుంజ వైపు చూసింది. కంప కొట్టినచోట నేల బోడిగా ఉంది. ఆ రోజు గుచ్చుకున్న ముండ్లలో ఒకటి ఇంకా అరచేతిలో ఉంది. ఒత్తితే తెలుస్తుంది.

"మా ఇంట్ల పోతు ఉన్నది. ఏడాది దాటింది. తోలుకరమ్మంటె ఇప్పుడే తోలుకొస్త."

మెహరున్నిసా నవ్వింది. సంతోషం నవ్వు కాదు.

"నీ మేకలన్నిటికి చెవులు కత్తిరిస్తవు గదా, గుర్తుకని. చెవి తెగింది మాకు నడ్వదక్కా."

నిజమే. గుట్టకు తోలే మందలో కలిసిపోకుండా ప్రతి పిల్లకూ పుట్టిన నెలలోనే కుడి చెవి కొస కోసేది నాగేంద్రమ్మే. ఆమె కొట్టంలో ఆ ఇంటికి ఇవ్వదగిన జీవం ఒక్కటీ లేదు.

"నేను పెంచింది దీన్ని," అన్నది మెహరున్నిసా. "ఇంకోటి దీని లెక్క అయితదా?"

పొయ్యిలో కట్టె చిటపటమంది. రొట్టె మాడిన వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తీయలేదు.

నాగేంద్రమ్మ వడ్డేపల్లి ఎడ్ల సంగతి చెప్పింది. పొద్దున మళ్లీ వీడియో తీయాలని, షేరు కన్ను అందరికీ చూపించాలని చెప్పింది. పోతు నీది, నువ్వు ఒప్పుకుంటేనే, అన్నది.

మెహరున్నిసా మాడిన రొట్టె తీసి షేరుకు వేసింది.

"పొద్దున రా. పోతు ఎక్కడికి పోతది? ఆయనకు మాత్రం నువ్వే చెప్పుకో. నేను చెప్ప."

మరునాడు అమావాస్య. ఎండ ఇంకా ముదరలేదు. నాగేంద్రమ్మ రోజూ కట్టే నూనె మరకల చీరే కట్టుకుంది. భుజం మీద గుడ్డ వేసుకుంది. వెనక స్రవంతి ఫోను పట్టుకుని నడిచింది. బోరింగు కాడ ఆడవాళ్లు, "మల్ల సినిమానా?" అన్నారు. "ఆ," అన్నది నాగేంద్రమ్మ. "రాండ్రి, మీరు కూడ చూద్దురు."

బషీర్ మిషను ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మిషను చక్రం మీద అతని చేయి ఆగిపోయింది. అతను ఆమెను చూడలేదు, భార్యను చూశాడు. మెహరున్నిసా పొయ్యి వైపు తిరిగింది. బషీర్ లేచి బయటికి వచ్చి, గుంజకున్న తాడు విప్పి, షేరును నీడలోనుంచి ఎండలోకి నడిపించి, కొమ్ము పట్టుకుని నిలబెట్టాడు.

"ఈడ మంచిగ కనపడ్తది," అన్నాడు. ఆమెతో అతను అన్నది అంతే.

స్రవంతి ఫోను ఎత్తింది. నాగేంద్రమ్మ షేరు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అలవాటు చొప్పున ఎడమ అరచేయి దాని కంటి మీదికి పోయింది. షేరు ఊరుకుంది.

ఆమె చేయి తీసేసింది. దాని తల ఫోను వైపు తిప్పి పట్టుకుంది.

"మందు తర్వాత చెప్త," అన్నది. "ముందు ఈ కన్ను చూడుండ్రి."